క్లే పూసలు ఎందుకు విరుగుతున్నాయి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాలిమర్ క్లే, అంటే ఓవెన్‌లో పెడితే గట్టిపడే మెత్తటి ముద్ద, దాంతో చేసే పూసల మీద మీ సందేహాలు పంపమంటే బోలెడు వచ్చాయి. అన్నీ చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, రంగులు కలపడం, పువ్వులు చేయడం, దండ గుచ్చడం మీరంతా ఇష్టంగా నేర్చుకుంటున్నారు, వీడియోలు చూసి చక్కగా చేస్తున్నారు కూడా, కానీ ఓవెన్ దగ్గరికి వచ్చేసరికి భయం. మాడిపోతుందేమో, పొగ వస్తుందేమో, ఇంట్లో తిడతారేమో అని సగంలోనే తీసేస్తున్నారు. మీరు పంపిన సమస్యల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. అందుకే ఈసారి ఓవెన్ గురించి ఎక్కువ రాశాను, మిగతావాటికి కావలసినంత.

ప్రశ్న (తణుకు నుంచి ఒక గృహిణి): నమస్తే మేడమ్. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) చేసిన పూసలు తీసినప్పుడు బాగానే ఉంటున్నాయి. దండ గుచ్చాక నెల తిరక్కుండానే రంధ్రం దగ్గర పగులుతున్నాయి. మా ఆడపడుచుకి ఇచ్చిన దండలో అయితే ఫంక్షన్‌లోనే పూసలు రాలిపోయాయి, తల ఎత్తుకోలేకపోయాను. నాకు నకిలీ క్లే అంటగట్టారా? ప్యాకెట్ మీద 130 డిగ్రీలు, 30 నిమిషాలు అని ఉంది. మాడిపోతుందని భయపడి 110లో పెట్టి పావుగంటకే తీస్తున్నాను.

జవాబు: క్లే తప్పేం లేదండీ, మీ ఉత్తరంలో ఆఖరి మాటలోనే జవాబు ఉంది. పేరులో క్లే అని ఉన్నా ఇందులో మన కుండల మట్టి లేదు. నీళ్ళ పైపులు చేస్తారే, ఆ పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచడానికి ప్లాస్టిసైజర్ అనే చిక్కటి ద్రవం, కొంచెం రంగు, కొంచెం ఫిల్లర్. కాబట్టి ఓవెన్‌లో జరిగేది ఆరడం కాదు. వేడి తగిలినప్పుడు పీవీసీ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, ఒకదానికొకటి కలిసిపోయి ఒకే ముద్ద అవుతాయి. ఈ పని పూస నడిమధ్య దాకా జరగాలి. మీరు తీసేసే సమయానికి పైపొర మాత్రమే గట్టిపడింది, లోపల రేణువులు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. విరిగిన పూస ఒకటి ఉంటే చేతిలోకి తీసుకుని చూడండి, విరిగిన చోట సుద్దముక్క విరిగినట్టు పొడిపొడిగా ఉంటుంది. బాగా ఉడికిన పూస అలా విరగదు, అసలు విరగడమే కష్టం.

ఇక్కడ అందరూ కలిపేసే విషయం ఒకటుంది. వేడి ఎక్కువవడం వేరు, సమయం ఎక్కువవడం వేరు. వేడి ఎక్కువైతే మాడుతుంది, నిజమే. కానీ వేడి సరిగ్గా ఉన్నప్పుడు అరగంట ఉంచాల్సింది గంట ఉంచినా పూసకు ఏమీ కాదు, ఇంకా గట్టిపడుతుంది కూడా. తెల్ల రంగు, లేత రంగులు మాత్రం కాస్త పసుపెక్కవచ్చు. 6 మి.మీ. మందానికి 30 నిమిషాలు అని లెక్క పెట్టుకోండి. 12 మి.మీ. గుండ్లు చేస్తే గంట ఉంచండి, భయం లేదు. డిగ్రీలు మాత్రం ప్యాకెట్ మీద ఏది ఉంటే అదే, ఎందుకంటే ఒక్కో కంపెనీ మిశ్రమం ఒక్కోలా ఉంటుంది: ఫిమో 110 దగ్గర ఉడుకుతుంది, స్కల్పీ ప్రీమోకి 135 కావాలి, కేటోకి 150. ఒకరి దగ్గర విన్న డిగ్రీలు ఇంకో క్లేకి పెడితే ఇలాగే అవుతుంది.

ఇక ఓటీజీ. దాని నాబ్ మీద ఉన్న అంకెను నేను నమ్మను, మీరూ నమ్మకండి. చిన్న ఓటీజీల్లో రాడ్డు వెలిగినప్పుడు వేడి ఒక్కసారిగా పైకి పోతుంది, ఆరగానే పడిపోతుంది. నాబ్ 130 చూపిస్తుంటే లోపల 110 ఉండొచ్చు, 160 కూడా ఉండొచ్చు. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనండి, దానికయ్యేది కొన్ని వందలు. కొత్త రంగులు కొనేముందు ఇది కొనాలి. గ్రిల్ మీద ఫ్లోర్ టైల్ ముక్క ఒకటి పెట్టి, ఖాళీ ఓవెన్‌ని ఇరవై నిమిషాలు వేడి చేయండి. టైల్ వేడెక్కి ఉంటే రాడ్డు వెలిగినా ఆరినా లోపలి వేడి పెద్దగా ఊగదు. పూసలు ఆ టైల్ మీద, మధ్య అరలో, రాడ్డుకి వీలైనంత దూరంగా. పైన సిల్వర్ ఫాయిల్‌తో గుడారంలా కప్పండి, అప్పుడు రాడ్డు వేడి నేరుగా తగిలి పైభాగం నల్లబడదు.

ఉడికిందో లేదో తెలియాలంటే పూసలతో పాటు అదే క్లేతో 2 మి.మీ. మందంలో సన్న పట్టీ ఒకటి పెట్టండి. తీశాక పూర్తిగా చల్లారనివ్వండి, వేడి మీద ఏ పూసైనా మెత్తగానే ఉంటుంది, అప్పుడు గోరుతో నొక్కి చూసి కంగారు పడొద్దు. చల్లారిన పట్టీని వంచితే వంగాలి. పుటుక్కుమంటే మళ్ళీ ఓవెన్‌లోకే.

అన్నట్టు, మీ దండలో పగలని పూసలు పారేయకండి. దారం తీసేసి, సరైన వేడిలో ఇంకోసారి పూర్తి సమయం పెట్టండి. ఈ క్లేని మళ్ళీ మళ్ళీ ఉడికించవచ్చు. ఆడపడుచుగారి దండ అలా బాగుచేసి ఇవ్వండి.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్‌లో ఇసుక పోసి కేకు చేస్తాం కదా, అలా చేయొచ్చా? మైక్రోవేవ్ ఉంది. వేడినీళ్ళలో ఉడికించొచ్చని ఒకరు చెప్పారు. ఓవెన్ కొంటే అందులో వంట కూడా చేసుకోవచ్చా?

జవాబు: ఇసుక కుక్కర్ వద్దు. కేకు 180లో ఉన్నా కేకే, క్లే అక్కడ మాడుతుంది. అడుగున మంట ఉంటుంది, వేడి ఎంతో తెలియదు, మూత తీసి చూసేలోగా అయిపోతుంది. మైక్రోవేవ్ మోడ్ అసలు వద్దు. మీది కన్వెక్షన్ ఉన్న రకమైతే, మైక్రోవేవ్ ఆపేసి వట్టి కన్వెక్షన్ మోడ్‌లో పెట్టొచ్చు, అదీ థర్మామీటర్‌తోనే. మరిగే నీళ్ళు 100 డిగ్రీలు దాటవు, చాలా రకాల క్లేకి అది సరిపోదు. హెయిర్ డ్రయర్ కూడా అంతే, పైపొరకే.

మాడితే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది పీవీసీ. సుమారు 175 డిగ్రీలు దాటాక నల్లబడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది. కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. అలా అయితే స్విచ్ ఆపేయండి, ఓవెన్ తలుపు తీయొద్దు, కిటికీలన్నీ తెరిచి పిల్లల్ని, పంజరంలో పక్షులుంటే వాటినీ బయటికి తీసుకెళ్ళండి. సరైన వేడిలో ఇవేవీ ఉండవు, కొద్దిగా ప్లాస్టిక్ వాసన వస్తుంది అంతే. అయినా వంటింట్లో కిటికీ తీసి ఉంచడం నయం.

వంట సంగతికొస్తే, ఎప్పుడో ఒకసారి చేసేవాళ్ళు మూత బిగుతుగా ఉన్న అల్యూమినియం ట్రేలో పెట్టి, తర్వాత ఓవెన్ తుడిచి, వంటకి వేరే ట్రే వాడుకుంటే చాలు. ఒకేసారి రెండూ లోపల ఉండకూడదు. వారం వారం చేసేవాళ్ళు మాత్రం క్లేకి వేరే ఓటీజీ పెట్టుకోవాలి. పిండి కలిపే పాత్రలు, చాకులు, పాస్తా మెషిన్ కూడా ఒకసారి క్లేకి వాడాక మళ్ళీ వంటకి తేవద్దు. ఒక్కరికి ఖర్చు ఎక్కువనిపిస్తే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కోండి, నెలలో ఒక ఆదివారం అందరి పూసలూ ఒకేసారి ఉడికించుకోవచ్చు.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని): అక్కా, నేను గుండ్రంగా చేసిన పూస రంధ్రం పెట్టగానే వంకర పోతోంది. రంధ్రం అవతల వైపు పక్కకి వస్తోంది. పైగా తెల్ల పూసల మీద ఎంత జాగ్రత్తగా ఉన్నా నల్లటి నూగు, వేలిముద్రలు! విసుగొచ్చేసింది.

జవాబు: విసుగు పడకమ్మా, ఇది చేతి అలవాటు, నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. పూసలు చేయగానే రంధ్రం పెట్టకు. చేతి వేడికి క్లే మెత్తగా ఉంటుంది, సూది తగలగానే నలిగిపోతుంది. ఒక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పావుగంట ఉంచు. తర్వాత పూసని రెండు వేళ్ళ మధ్య ఊరికే అలా పట్టుకుని, సూదిని గుచ్చినట్టు కాకుండా తిప్పుతూ తిప్పుతూ పోనివ్వు. అవతల వైపు సూది మొన తగిలి చిన్న బొడిపె లేవగానే ఆగిపో. సూది బయటికి తీసి, ఆ బొడిపె ఉన్నచోట నుంచి లోపలికి తిప్పు. రెండు దారులూ మధ్యలో కలుస్తాయి, అంచులు రెండువైపులా లోపలికి మడిచినట్టు నున్నగా వస్తాయి. ఒకేవైపు నుంచి పొడిచేస్తే అవతల అంచు చిట్లి పైకి లేస్తుంది, ఆ చిట్లిన అంచే తర్వాత దారాన్ని కోస్తుంది. మొదట సన్న సూది, తర్వాత దబ్బనంతో రంధ్రం పెద్దది చెయ్యి. ఇవేవీ కుదరకపోతే రంధ్రం లేకుండానే ఉడికించి, చల్లారాక 1 మి.మీ. బిట్ పెట్టిన హ్యాండ్ డ్రిల్‌తో వెయ్యి, క్లే మెత్తగా తెగుతుంది.

ఓవెన్‌లో పూసలు ట్రే మీద నేరుగా పెడితే అడుగున చదునుగా మెరిసే మచ్చ పడుతుంది. మందపాటి కాగితాన్ని విసనకర్ర మడతలు పెట్టి ఆ గాడుల్లో పేర్చు.

తెలుపు సంగతి: ఆ రోజు తెల్ల పని మొదట పెట్టుకో, ఎరుపు, నలుపు ఆఖర్న. ఎరుపు పిసికిన చేతికి, రోలర్‌కి రంగు అంటుకునే ఉంటుంది. నల్ల చున్నీ, ఉన్ని స్వెటర్ ఆ పూటకి వద్దు. చేతులు తడి వైప్స్‌తో తుడుచుకుంటూ ఉండు. అయినా నూగు పడితే ఇయర్ బడ్‌ని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి పూస మీద మెల్లగా రుద్దు, నూగు, వేలిముద్రలు రెండూ పోతాయి. ఇది ఉడికించక ముందే చెయ్యాలి, ఉడికాక వాటర్ పేపరే (తడిపి రుద్దే గరుకు కాగితం) గతి.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): పూస మీద ముగ్గు డిజైన్, తామర పువ్వు రావాలని కేన్ (రంగులు కలిపి కట్టిన పొడుగు కడ్డీ, ఎక్కడ కోసినా అదే డిజైన్ కనిపిస్తుంది) చేస్తున్నాను. పెద్దగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉంటుంది. సన్నగా లాగాక అంతా అలుక్కుపోతోంది. ఏం చేయాలి?

జవాబు: నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదేనండీ. ఇటలీలో మురానో దీవి గాజుపనివాళ్ళు రంగురంగుల గాజు కడ్డీలు కలిపి, వేడిగా ఉండగా లాగి, ముక్కలుగా కోసి మిల్లెఫియోరి పూసలు చేస్తారు. మనం క్లేతో చేసేదీ ఆ పద్ధతే, కాకపోతే కొలిమి అక్కర్లేదు, చేతులు చాలు.

అలుక్కుపోవడానికి సాధారణంగా ఒకటే కారణం, రంగులన్నీ ఒకే మెత్తదనంలో లేకపోవడం. కొత్త ప్యాకెట్లోని గులాబీ మెత్తగా, ఆర్నెల్ల నుంచి ఉన్న ఆకుపచ్చ గట్టిగా ఉంటే, నొక్కగానే మెత్తది పక్కలకి పారిపోతుంది, గట్టిది కదలదు. కాబట్టి ప్రతి రంగూ విడిగా బాగా పిసికి, అంచు వంచినా పగలనంతగా తయారుచేసుకోండి. మరీ మెత్తగా ఉన్నదాన్ని పల్చగా ఒత్తి రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన పుస్తకం ఉంచితే కాగితం ప్లాస్టిసైజర్‌ని కొంత పీల్చేస్తుంది. గట్టిగా పొడిపొడిగా ఉన్నదానికి బేబీ ఆయిల్ ఒక్క చుక్క. కేన్ మొత్తం కట్టాక ఒక రాత్రి అలా వదిలేయండి, అప్పుడు అన్ని రంగులూ ఒకే చల్లదనానికి వస్తాయి.

తామరకి ఒక్క రేకు చేయండి చాలు. తెలుపు నుంచి గులాబీకి మెల్లగా మారే షీటు చేసి, మడిచి పొడుగు కడ్డీగా చేసి, ఒక పక్క వేళ్ళతో మొన తేల్చండి. చుట్టూ ముదురు రంగు పల్చటి పొర కప్పండి, రేకు రేకుగా కనిపించేది ఆ గీత వల్లే. దాన్ని సాగదీసి ఆరు ముక్కలు చేసి పసుపు కడ్డీ చుట్టూ పేర్చండి. రేకుల మధ్య సందులు ఉంటాయి కదా, అక్కడే చాలామంది తొందరపడతారు. ప్రతి సందులోనూ నేపథ్యం రంగు ముక్క సరిగ్గా ఆ ఆకారంలో పెట్టి నింపాలి. ఖాళీ వదిలితే నొక్కినప్పుడు రేకులు ఆ ఖాళీలోకి కూలిపోతాయి, పువ్వు ఉండదు.

ముగ్గుకి మొత్తం కట్టే పని లేదు. ముగ్గులో నాలుగో వంతు మాత్రమే, నలుచదరంగా, ఒక పొడుగు కేన్‌గా కట్టండి. దాన్ని సన్నగా లాగి నాలుగు సమాన ముక్కలు చేసి, అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా కలపండి. గీతలు వాటంతట అవే కలిసి పూర్తి ముగ్గు అవుతుంది. కొంచెం వంకర ఉన్నా నాలుగు వైపులా అదే వంకర కాబట్టి అందంగానే ఉంటుంది. ఒక్కమాట, గీతకీ నేపథ్యానికీ రంగులో బాగా తేడా ఉండాలి. పెద్ద కేన్‌లో విడిగా కనిపించిన నీలం, ఊదా సన్నబడ్డాక కలిసిపోతాయి.

లాగేటప్పుడు కొసల్ని కాదు, నడుముని నొక్కండి. మధ్యలో సన్నం చేసి, అక్కడి నుంచి కొసల వైపు తిప్పుతూ వెళ్ళండి. రెండు కొసలూ ఎలాగూ వంకరపోతాయి, అవి కోసి పక్కన పెట్టుకోండి, పూసల లోపలి గుండుకి పనికొస్తాయి. ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి, కొత్త బ్లేడుతో 1 మి.మీ. బిళ్ళలుగా కోయండి, ఒక్కో కోతకీ కేన్‌ని పావు వంతు తిప్పండి, లేకపోతే ఒకవైపు నలిగి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. బిళ్ళల్ని గుండు మీద అంటించి, అతుకులు మాయమయ్యేదాకా అరచేతుల్లో తేలిగ్గా తిప్పాలి.

ప్రశ్న (డాలస్ నుంచి): నెల్లూరులో ఉన్న మా అమ్మకి ఈ పని నేర్పించాను. ఇక్కడి నుంచి క్లే పంపిద్దామనుకుంటున్నాను. మే నెలలో పంపొచ్చా? అమ్మ దాన్ని ఎలా దాచుకోవాలి? ఇది అసలు ఎక్కడ పుట్టిందని కూడా అమ్మ అడుగుతోంది.

జవాబు: మే వద్దండీ. నెల్లూరు ఎండలో పార్సిల్ వ్యాన్ లోపలో, ఆగి ఉన్న కారులోనో గంటల తరబడి ఉంటే క్లే సగం ఉడికినట్టయిపోతుంది. పొడిపొడిగా రాలే పాత క్లేని నూనె చుక్కతో బతికించొచ్చు కానీ ఇలా వేడికి బిగుసుకున్నదాన్ని ఏమీ చేయలేం. వర్షాలు పడ్డాక పంపండి, లేదా చలికాలంలో ఎవరైనా వస్తుంటే వాళ్ళతో పంపండి. ఇంట్లో వంటింటి గట్టు మీదా, టీవీ పైనా పెట్టొద్దు. ఎండాకాలం ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి, వాడే ముందు కాసేపు బయట ఉంచాలి. కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్ డబ్బాల్ని ఈ పచ్చి క్లే తినేస్తుంది, అతుక్కుపోతుంది. బటర్ పేపర్‌లో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టమనండి.

పుట్టింది జర్మనీలో. కేతే క్రూజే అని బొమ్మల తయారీలో పేరుమోసిన ఆవిడ ఉండేవారు. బొమ్మల తలలకి పనికొస్తుందని ఇలాంటి ముద్దతో ప్రయోగాలు చేసింది ఆవిడ కూతురు. 1964లో దాన్ని ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ తీసుకుని తర్వాత ఫిమో పేరుతో అమ్మింది. ఇప్పుడు ఫిమో చేస్తున్నది మన పిల్లలు వాడే పెన్సిళ్ళ కంపెనీ స్టెడ్లర్. అమ్మకి చెప్పండి, తల్లీకూతుళ్ళ ఇంట్లో పుట్టిన క్లే అని.

ప్రశ్న (ఒంగోలు నుంచి): మెరుపు కోసం పూసలకి నెయిల్ పాలిష్ వేశాను. వారం అయినా జిడ్డుగా వేళ్ళకి అంటుకుంటున్నాయి.

జవాబు: ఇక ఆరవు. నెయిల్ పాలిష్‌లోని ద్రావకం క్లేని మెత్తబరుస్తుంది. స్ప్రే వార్నిష్‌లు చాలావాటితో కూడా ఇదే గొడవ. నీళ్ళతో కలిసే పాలీయురెథేన్ వార్నిష్ వాడొచ్చు. నన్నడిగితే వార్నిషే వద్దంటాను. 400 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 800, 1000, 2000 దాకా గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, పూసని తడిలోనే రుద్దండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. చివర్న పాత జీన్స్ గుడ్డతో గట్టిగా తోమితే వచ్చే మెరుపు ఏ సీసాలోనూ దొరకదు.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): పూసలు బాగున్నాయి కానీ దండ నిలవడం లేదు. నైలాన్ దారం తెగుతోంది, ముడి జారుతోంది. గుచ్చాక దండ బరువుగా, మొద్దుగా కనిపిస్తోంది.

జవాబు: దండకి దారం బదులు గేర్ వైర్ వాడండి, సన్నని స్టీలు తీగల మీద నైలాన్ పూత ఉంటుంది, 0.38 మి.మీ.ది మామూలు దండకి సరిపోతుంది. దీనికి ముడి వేయకూడదు. గేర్ లాక్ అనే చిన్న లోహపు పూసలోంచి వైరు పోనిచ్చి, హుక్ రింగులోంచి తిప్పి, మళ్ళీ అదే లాక్‌లోంచి వెనక్కి తెచ్చి నోస్ ప్లయర్‌తో నొక్కాలి. మిగిలిన కొసని అక్కడే కత్తిరించకుండా రెండు మూడు పూసల్లోకి దూర్చండి, మెడకి గుచ్చుకోదు. మరీ బిగించొద్దు, ఒక చిన్న పూస పట్టేంత వదులు ఉంచండి. బిగుతుగా గుచ్చిన దండ మెడ మీద వంగదు, కర్రలా నిలబడుతుంది, పూసలు ఒకదాన్నొకటి ఒరుసుకుని వైరు కూడా తొందరగా అరుగుతుంది. బ్రేస్‌లెట్‌కైతే 0.8 మి.మీ. ఎలాస్టిక్, గుచ్చే ముందే బాగా లాగి వదలాలి, లేకపోతే తొడుక్కున్నాక సాగి పూసల మధ్య సందులొస్తాయి.

మొద్దుగా కనిపించేది వరసగా అన్నీ క్లే పూసలే గుచ్చడం వల్ల. ఒక్కో ముగ్గు పూస పక్కన ఖాళీ కావాలి, అప్పుడే చూపు దాని మీద ఆగుతుంది. తిరుపతి జిల్లాలో పాపానాయుడుపేట అని ఉంది, అక్కడ కరిగిన గాజుని సన్నని గొట్టాలుగా లాగి ముక్కలు చేసి పూసలు తయారుచేసే పాత పనితనం ఉంది. అలాంటి చిన్న గాజు పూసలు మధ్యమధ్యలో వేసి చూడండి. ఏటికొప్పాక లక్క పూసలు కూడా తేలికగా ఉంటాయి, చెక్కవి కదా, రంగులు కూడా క్లేతో బాగా కలుస్తాయి. హుక్కులు, క్యాపులు, జంప్ రింగులు హైదరాబాద్ వెళ్ళినప్పుడు బేగంబజార్‌లో తెచ్చుకోవచ్చు. మీకు హైదరాబాద్ కన్నా దగ్గరగా మచిలీపట్నం ఉండనే ఉంది, చిలకలపూడి నగల పనివాళ్ళ ఊరు.

ప్రశ్న (కర్నూలు నుంచి): అమ్మడం మొదలుపెట్టాను. అందరూ "ప్లాస్టిక్ పూసలకి ఇంత రేటా" అంటున్నారు. బంధువులైతే ఊరికే ఇమ్మంటున్నారు. ధర ఎలా పెట్టాలి?

జవాబు: మీ ఊళ్ళో బ్లౌజు కుట్టే ఆవిడ గంటకి ఎంత సంపాదిస్తుందో అడిగి తెలుసుకోండి. మీ గంటకి అంతకన్నా తక్కువ కట్టుకోవద్దు. క్లే, వైరు, హుక్, కరెంటు, డబ్బా ఖర్చులు రాసుకోండి. ఉదాహరణకి సామాను 120 రూపాయలు, మూడు గంటల పని గంటకి 100 చొప్పున 300, మొత్తం 420. ఇది మీకు పడిన ఖర్చు మాత్రమే, లాభం దాని మీద వేసుకోవాలి. చాలామంది సామానుకి రెట్టింపు అని 240కి ఇచ్చేస్తున్నారు, అంటే చేతి పని ఊరికే పోయినట్టే. ఊరికే అడిగే బంధువులకి పెళ్ళికో పుట్టినరోజుకో కానుకగా ఇవ్వండి, మిగతా రోజుల్లో ధర చెప్పండి, మొహమాటపడొద్దు.

కొత్తలో చెవులవి ఎక్కువ పెట్టండి, బరువు ఉండదు, కేన్ ఒకటి చేస్తే బోలెడు జతలు వస్తాయి, కొనేవాళ్ళకి కూడా చేతికందే ధర. దండ అమ్మినప్పుడు మాత్రం అదే కేన్‌లోని పూసలు రెండు అదనంగా చిన్న కవర్లో పెట్టి ఇవ్వండి. ఎప్పుడైనా ఒకటి పోతే అదే రంగు, అదే పువ్వు మళ్ళీ చేయడం ఎవరి తరమూ కాదు.